బీఎస్సీ అయిన పద్నాలుగేళ్లకు కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ లెక్కలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. తెనాలిలో తెలుగు మాధ్యమంలో ఎంపీసీ, ఆ తరువాత బీఎస్సీ గణితం చదివారు. ప్రస్తుతం హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మూడేళ్లుగా ఉంటున్నారు. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ గణితం చదవాలని ఉంది. కమ్యూనిటీ కాలేజీలో చేరవచ్చా, చేరితే ఏ కోర్సుతో మొదలుపెట్టాలి, డిగ్రీ చేతిలో ఉన్న మనిషి అక్కడికి వెళ్లడం పై తరగతి చదివి కింది తరగతిలో కూర్చోవడం కాదా అని అడిగారు.

ముందుగా సమాధానం చెబుతాను. చేరండి. కలన గణితం మొదటి కోర్సుతో, అంటే ఇక్కడ కాల్క్యులస్ వన్ అనేదానితో మొదలుపెట్టండి. మొదటి టర్ములో ఆ ఒక్క కోర్సే తీసుకోండి. ఇంటర్‌లో అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) రెండూ చదివాము కదా అని రెండో కోర్సుకు దూకవద్దు. పద్నాలుగేళ్ల విరామం వచ్చింది కదా అని భయపడి దాని కింద ఉండే ప్రీకాల్క్యులస్‌కు దిగనూ వద్దు.

ఈ మాట ఎంత నమ్మకంతో చెబుతున్నానో తెలియడానికి నా సంగతి కొంచెం చెప్పాలి. నేను విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాలుగేళ్లు ఇంటర్ విద్యార్థులకు లెక్కలు చెప్పి, మీలాగే హెచ్-4 మీద ఇక్కడికి వచ్చాను. కమ్యూనిటీ కాలేజీలో విద్యార్థినిగా కొన్ని కోర్సులు చేసి, తరువాత ఒక స్టేట్ యూనివర్సిటీలో గణితంలో మాస్టర్స్ పూర్తి చేసి, పదిహేనేళ్లుగా శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని కమ్యూనిటీ కాలేజీలలో పార్ట్‌టైమ్ అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. మా ఊళ్లో బంధువులు నేటికీ నేను అమెరికాలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నానని అనుకుంటారు. వారి తప్పు కూడా లేదు. ఈ కాలేజీలను ఒకప్పుడు ఇక్కడా జూనియర్ కాలేజీలనే అనేవారు. 1901లో ఇలినాయ్ రాష్ట్రంలో మొదలైన జోలియట్ కాలేజీ పేరులో ఆ మాట ఈనాటికీ ఉంది. కానీ ఇక్కడి జూనియర్ కాలేజీ మన ఇంటర్ కాదు, నాలుగేళ్ల డిగ్రీలో మొదటి రెండేళ్లు. మీరు వెనక్కి వెళుతున్నారా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం తరగతి గదిలో తెలుస్తుంది.

కాల్క్యులస్ వన్ పాఠ్యప్రణాళిక చూస్తే మీకు నవ్వు రావచ్చు. అవధులు (లిమిట్స్), అవిచ్ఛిన్నత (కంటిన్యుటీ), అవకలనం, దాని అనువర్తనాలు, సమాకలనానికి పరిచయం, అంతే. ఇందులో చాలా భాగం మనం ఇంటర్ మొదటి సంవత్సరం ఒకటి-బి పేపరులోనూ, కొంత రెండో సంవత్సరం రెండు-బిలోనూ చదివినదే. గుణకార సూత్రం, శృంఖల సూత్రం, త్రికోణమితి సర్వసమీకరణాలు మన పిల్లల నాలుక మీద ఉంటాయి. లెక్క చేయడంలో మనవాళ్ల వేగం నా తరగతుల్లో నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. అందులో మీకు లోటు ఉండదు. లోటు మరొక చోట ఉంటుంది.

మన ఇంటర్ ప్రశ్నాపత్రం గుర్తు చేసుకోండి. 75 మార్కులు: రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. ఆ ఏడు మార్కుల ప్రశ్నలలో ఏది ఏ అధ్యాయం నుంచి వస్తుందో మనకు ముందే తెలుసు. ఒక్కొక్క లెక్కను పదిసార్లు చేసి, మెట్లన్నీ వరుస తప్పకుండా దించేవాళ్లం. నేనూ అలాగే చదివాను, అలాగే చెప్పాను. ఇక్కడ అదే అధ్యాయం మీద వచ్చే ప్రశ్న మరో దిక్కు నుంచి వస్తుంది. ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

10 అడుగుల నిచ్చెన గోడకు ఆనించి ఉంది. దాని అడుగు భాగం సెకనుకు 1 అడుగు చొప్పున గోడ నుంచి దూరంగా జారుతోంది. అడుగు భాగం గోడకు 6 అడుగుల దూరంలో ఉన్న క్షణంలో పై కొన ఎంత వేగంతో కిందికి దిగుతోంది? పైథాగరస్ సూత్రం రాసి, రెండు వైపులా కాలం దృష్ట్యా అవకలనం చేస్తే ఆ క్షణంలో ఎత్తు 8 అడుగులు, ఎత్తు మారే రేటు సెకనుకు రుణ నాలుగింట మూడు అడుగులు వస్తుంది. ఇది మీరు రెండు నిమిషాల్లో చేస్తారు. నా పరీక్షలో ఈ భాగానికి సగం మార్కులే. తరువాతి ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఆ రుణ గుర్తుకు అర్థం ఏమిటో ఒక వాక్యంలో రాయండి, అడుగు భాగం 10 అడుగుల దూరానికి చేరువవుతున్న కొద్దీ పై కొన వేగం ఏమవుతుందో చెప్పండి, నిజమైన నిచ్చెన అలా ప్రవర్తించగలదా, లేకపోతే మన సమీకరణంలో ఏ ఊహ చెల్లకుండా పోయింది? పై కొన వేగం హద్దు లేకుండా పెరుగుతుందని లెక్క చెబుతుంది. నిజమైన నిచ్చెనకు అది సాధ్యం కాదు. నేలను తాకకముందే పై కొన గోడను వదిలేస్తుంది, కాబట్టి అది గోడను ఆనుకొనే ఉంటుందన్న మన ఊహ అక్కడ చెల్లదు. మొదటి సగాన్ని అవలీలగా చేసిన మన విద్యార్థులు రెండో సగం దగ్గర కలం ఆపేయడం చాలాసార్లు చూశాను. వారికి తెలియక కాదు. లెక్క గురించి వాక్యాలు రాయమని వారిని అంతకుముందు ఎవరూ అడగలేదు, అంతే.

రెండో కోర్సులో ఈ లోటు ఇంకా పెద్దదవుతుంది. కాల్క్యులస్ టూలో మొదటి సగం సమాకలన పద్ధతులు. అక్కడ మనవాళ్లు రాజ్యమేలతారు. రెండో సగం అనంత శ్రేణులు. ఇది ఇంటర్‌లో లేదు. బీఎస్సీ వాస్తవ విశ్లేషణలో (రియల్ అనాలిసిస్‌లో) ఉంది కానీ, చాలామంది దాన్ని పరీక్షకు పదిరోజుల ముందు బట్టీపట్టి దాటినవాళ్లే (నేనూ అందులో ఒకర్తెను). ఒక ఏకాంతర శ్రేణి (ధన, రుణ పదాలు మార్చి మార్చి వచ్చేది) అభిసరిస్తుందా, అంటే దాని మొత్తం ఒక స్థిర సంఖ్యకు చేరువవుతుందా అని అడిగితే అభిసరిస్తుంది అని రాస్తే చాలదు. అభిసరణను తేల్చే ఏ టెస్టు వాడారో పేరు చెప్పాలి, పదాల పరిమాణం తగ్గుతూ పోతోందని చూపాలి, వాటి అవధి సున్నా అని చూపాలి, అప్పుడు ముగింపు రాయాలి. ఆ షరతులు సరిచూడకుండా సరైన జవాబు రాసినవారికి నా దగ్గర సగం మార్కులు కూడా రావు.

కొన్నేళ్ల క్రితం గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ, ఎంఎస్సీ గణితం చదివినవారు, నేరుగా రెండో కోర్సులో చేరారు. మొదటి పరీక్షలో తరగతిలో ఆవిడదే పెద్ద మార్కు. శ్రేణులు మొదలయ్యాక మూడు వారాల్లో వెనకబడ్డారు. సాయం అడగడానికి మొహమాటపడ్డారు, ఆఖరికి కోర్సు వదిలేశారు. సబ్జెక్టు రాక కాదు. మొదటి కోర్సులో నిదానంగా అలవాటు కావలసిన రాత పద్ధతిని రెండో కోర్సు వేగంలో నేర్చుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు మొదటి కోర్సుతో మొదలుపెట్టి కాల్క్యులస్ మూడు కోర్సులూ వరుసగా పూర్తి చేశారు.

మీ స్థాయిని ఇక్కడ ఎవరూ పరీక్షించి చెప్పరు. ఈ సంగతి కొత్తగా వచ్చినవారికి తెలియదు. ఒకప్పుడు కాలేజీలో చేరేముందు గణితంలో ప్రవేశ పరీక్ష ఉండేది, దాని మార్కును బట్టి కోర్సు ఇచ్చేవారు. కాలిఫోర్నియాలో 2017లో ఏబీ 705, 2022లో ఏబీ 1705 అనే చట్టాలు వచ్చాక ఆ పద్ధతి పోయింది. వేలమంది పిల్లలు ఒక్క పరీక్ష కారణంగా కింది స్థాయి కోర్సులలో ఏళ్ల తరబడి ఇరుక్కుపోవడం ఆ చట్టాలకు కారణం, అది సబబైన కారణమే. ఇప్పుడు ఇక్కడి హైస్కూలు మార్కులను బట్టి కోర్సు నిర్ణయిస్తారు. విదేశాల్లో చదివినవారు కౌన్సెలర్‌తో మాట్లాడి, తమ స్థాయిని తామే చెప్పుకోవాలి. కౌన్సెలర్ మీ బీఎస్సీ మార్కుల పట్టిక చూసి మూడో కోర్సుకు కూడా వెళ్లవచ్చని అనవచ్చు. కాగితం మీద అది నిజమే, అయినా ఒప్పుకోవద్దు.

మీరే ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. పుస్తకం మూసి, నాలుగు పనులు చేయండి. కదిలే కారును ఉదాహరణగా తీసుకుని అవకలజం (డెరివేటివ్) అంటే ఏమిటో సూత్రం లేకుండా రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఎక్స్ వర్గం నుంచి 4 తీసివేసి దాని పరమ మూల్యం (రుణ గుర్తు తీసేసిన విలువ) తీసుకుంటే వచ్చే ప్రమేయానికి చేత్తో గ్రాఫ్ గీసి, ఏ బిందువుల వద్ద అవకలనం సాధ్యం కాదో, ఎందుకో చెప్పండి. పైన చెప్పిన నిచ్చెన లెక్క మొత్తం చేయండి. సంవర్గమాన సూత్రాలు, ద్విగుణ కోణ సూత్రాలు చూడకుండా రాయండి. చివరిది ఒక్కటే రాకపోతే రెండు వారాలు పాత పుస్తకం తిరగేస్తే చాలు. మొదటి రెండూ తడబడితే ఆశ్చర్యపోకండి, వాటి కోసమే మొదటి కోర్సు. వీటన్నిటితో పాటు భిన్నాలు, సమీకరణ సాధన కూడా కష్టంగా తోస్తే మాత్రమే ప్రీకాల్క్యులస్ గురించి ఆలోచించండి. ఎంపీసీ చదివినవారిలో అలాంటివారిని నేను ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు.

తెలుగు మాధ్యమం గురించి మీరు చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు కానీ, మీ అసలు బెరుకు అదేనని నాకు అనిపించింది. అవధి, ప్రమేయం, స్పర్శరేఖ, మాత్రిక అన్న మాటల్లో నేర్చుకున్న భావాలు ఎక్కడికీ పోవు. వాటికి ఇంగ్లిషు పేర్లు నూటయాభైకి మించి ఉండవు, ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటే నెలలో వచ్చేస్తాయి. నిజంగా ఇబ్బంది పెట్టేవి చిన్న చిన్న గుర్తులు. మన పుస్తకాల్లో సహజ సంవర్గమానాన్ని లాగ్ అనే రాసేవారు, ఇక్కడ దాన్ని ఎల్‌ఎన్ అని రాస్తారు, లాగ్ అంటే ఆధారం పది. మనం సరళరేఖకు వై సమానం ఎంఎక్స్ ప్లస్ సి అని రాస్తే ఇక్కడ చివరి అక్షరం బి. మన కొసెక్ ఇక్కడ సీఎస్‌సీ. విలోమ టాన్‌ను ఆర్క్‌టాన్ అంటారు. జడ్ అని మీరంటే పక్కవారు ఒక క్షణం ఆగి, జీ అని అర్థం చేసుకుంటారు. పదప్రశ్నల్లో అడుగులు, మైళ్లు, గ్యాలన్లు. నీళ్ల ట్యాంకు లెక్క ఇంగ్లిషులో ఐదు వరుసలు ఉంటే రెండుసార్లు చదవండి, బొమ్మ గీయండి, తరువాతే చలరాశులు పెట్టండి. ఇంగ్లిషు మాతృభాష అయిన పిల్లలు కూడా ఆ లెక్కల దగ్గరే తడబడతారు, కాబట్టి దాన్ని మీ ఒక్కరి లోపంగా భావించవద్దు.

ఇక డబ్బు, వీసా సంగతులు. హెచ్-4 మీద ఉన్నవారు చదువు కోసం ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు మారనక్కరలేదు. పూర్తి సమయమైనా, ఒక్క కోర్సైనా చదవవచ్చు. కాలిఫోర్నియా నియమాల ప్రకారం హెచ్-1బి, హెచ్-4 వీసాలవారు రాష్ట్ర నివాసులుగా గుర్తింపు పొందవచ్చు. టర్ము మొదలయ్యే నాటికి ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నట్టు, ఇక్కడే ఉండదలచినట్టు ఆధారాలు చూపాలి. డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర పన్ను పత్రాలు, బ్యాంకు ఖాతా వంటివి మీ పేరుతో ఉంటే మంచిది. అన్నీ భర్త పేరుతోనే ఉండి ఇబ్బంది పడినవారిని చూశాను. ఈ గుర్తింపు ఎందుకంత ముఖ్యమంటే, నివాసులకు రుసుము యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క ఇది) సెమిస్టర్ కాలేజీలో 46 డాలర్లు, టర్ములు ఇంకా చిన్నవిగా ఉండే క్వార్టర్ కాలేజీలో 31 డాలర్లు. ఐదు యూనిట్ల కోర్సుకు 230 లేదా 155 డాలర్లు, దాని మీద చిల్లర రుసుములు. నివాసి కానివారికి దీనికి అదనంగా పడే రుసుము సెమిస్టర్ కాలేజీల్లో సాధారణంగా యూనిట్‌కు 300 డాలర్లు దాటుతుంది. పుస్తకాల ఖర్చు ఇప్పుడు తగ్గింది. రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు ఉచితం, చాలా తరగతులు వాటితోనే నడుస్తాయి. కోర్సుల పట్టికలో పాఠ్యపుస్తకాల ఖర్చు లేదని గుర్తు ఉన్న తరగతిని ఎంచుకోండి.

మీ ఊళ్లోనే ఓలోనీ కాలేజీ ఉంది, అది సెమిస్టర్ పద్ధతి. కూపర్టీనోలోని డి ఆంజా క్వార్టర్ పద్ధతి. మొదటిసారికి నేను సెమిస్టర్ కాలేజీనే సిఫారసు చేస్తాను. క్వార్టర్ పన్నెండు వారాల్లో ముగిసిపోతుంది. పాపకు జ్వరం వచ్చి మీరు వారం రోజులు తరగతికి వెళ్లలేకపోతే కోలుకోవడానికి వ్యవధి ఉండదు. ఇదే కారణంగా ఎండాకాలంలో ఆరు వారాల్లో పెట్టే కాల్క్యులస్ జోలికి అసలు వెళ్లవద్దు. ఐదు యూనిట్ల కోర్సు అంటే వారానికి ఐదు గంటల తరగతి, దానికి రెట్టింపు ఇంటిపని, మొత్తం పదిహేను గంటలు. ఈ లెక్కను మీ ఇంట్లోవారికి కూడా ముందే చెప్పండి. మొదటి టర్ములో ఒక్క కోర్సే అన్నది ఇందుకే.

ఒక నియమం ముందే తెలుసుకోండి. ఒక కోర్సులో సి లేదా అంతకు మించిన గ్రేడు వస్తే, ఆ గ్రేడు పెంచుకోవడానికి సాధారణంగా మళ్లీ అదే కోర్సు చదవనివ్వరు. తప్పినా, గడువు దాటాక వదిలేసినా, మొత్తం మూడు ప్రయత్నాలకు మించి ఉండవు. కాబట్టి మొదటి రెండు వారాల్లో కుదరదని తెలిస్తే, రికార్డులో పడకుండా వదిలేసే గడువు ఎప్పుడో చూసుకుని ఆలోగానే నిర్ణయించుకోండి. దాని తరువాత వదిలేస్తే డబ్ల్యూ అనే అక్షరం మార్కుల పట్టికలో మిగిలిపోతుంది. హైస్కూలు పిల్లలను తొందరపడి ఈ కాలేజీల్లో కాల్క్యులస్‌లో చేర్చే మన తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతుంటాను. పదిహేనేళ్ల వయసులో తెచ్చుకున్న సి గ్రేడు విశ్వవిద్యాలయ దరఖాస్తులో కనబడుతుంది.

ఆ తరువాత ఏమిటి అన్నది మీ లక్ష్యాన్ని బట్టి ఉంటుంది. మీరు రెండు దారులు రాశారు, డేటా ఉద్యోగం లేదా బోధన. డేటా వైపు అయితే కాల్క్యులస్ మూడూ అయ్యేదాకా ఆగవద్దు. మొదటి కోర్సు కాగానే గణాంక శాస్త్రం, ఒక ప్రోగ్రామింగ్ కోర్సు తీసుకోండి, రెండో కోర్సు తరువాత రేఖీయ బీజగణితం (లీనియర్ ఆల్జీబ్రా). మీ బీఎస్సీలో మాత్రికలు చదివారు కాబట్టి అది మీకు అన్నిటికంటే హాయిగా సాగుతుంది. అవకల సమీకరణాల కోర్సు ఆ దారిలో అవసరం తక్కువ.

బోధన వైపు అయితే రెండు వేర్వేరు సంగతులు. ప్రభుత్వ హైస్కూలులో గణితం చెప్పడానికి రాష్ట్ర అర్హతా పత్రం కావాలి, దానికి విదేశీ డిగ్రీని గుర్తింపు పొందిన సంస్థతో మూల్యాంకనం చేయించాలి. కమ్యూనిటీ కాలేజీలో గణితం చెప్పడానికి సాధారణ అర్హత గణితంలో మాస్టర్స్. మన మూడేళ్ల బీఎస్సీని మాస్టర్స్ ప్రవేశానికి కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి, కొన్ని అంగీకరించవు. ఇక్కడ తెచ్చుకున్న ‘ఏ’ (A) గ్రేడులు, మీ పని స్వయంగా చూసిన అధ్యాపకుల సిఫారసు లేఖలు అక్కడ నాకు ఎంతో పనికివచ్చాయి. రెండో బ్యాచిలర్స్ చేద్దామన్న ఆలోచన ఉంటే పక్కన పెట్టండి. ఒక డిగ్రీ ఉన్నవారిని మళ్లీ అదే స్థాయిలో చేర్చుకోవడానికి ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఇష్టపడవు.

ఇంకో హెచ్చరిక. కాలేజీలో ట్యూటరింగ్ కేంద్రం ఉంటుంది, బాగా చదివేవారిని అక్కడ జీతానికి పెట్టుకుంటారు. మీకూ ఆ పిలుపు వస్తుంది. ఉద్యోగ అనుమతి పత్రం, అంటే ఈఏడీ, లేకుండా ఒప్పుకోవద్దు. డబ్బు తీసుకుని ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పడం కూడా అదే కోవలోకి వస్తుంది. పక్కింటి పిల్లలే కదా అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు.

తరగతిలో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోవడం ఎలా అని కూడా రాశారు. సాయంత్రం తరగతి తీసుకోండి. గత టర్ములో నా సాయంత్రం తరగతిలో ఒక ప్లంబరు, ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు, సైన్యం నుంచి తిరిగి వచ్చిన ఒకతను, మనవడితో పాటు చేరిన ఒక తాతగారు ఉన్నారు. నేను విద్యార్థినిగా చేరిన మొదటి టర్ములో వెనక వరుసలో కూర్చుని, ఎనిమిది వారాల పాటు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మొదటి పరీక్ష కాగితం మీద నా అధ్యాపకుడు, జవాబులన్నీ సరిగానే ఉన్నాయి, కానీ మీరు ఏమి ఆలోచించారో నాకు కనబడటం లేదు, ఆఫీసు వేళల్లో ఒకసారి రండి అని రాశారు. ఆఫీసు వేళలంటే అధ్యాపకులు తరగతి బయట విద్యార్థులను కలిసే సమయాలు. మందలిస్తారేమోనని భయపడి నెల రోజులు వెళ్లలేదు. వెళ్లాక ఆయన చేసిందల్లా, నా చేతికి సుద్దముక్క ఇచ్చి, మొదటి లెక్కను పైకి చెబుతూ బోర్డు మీద చేయమనడమే. మీరు మాత్రం మొదటి వారంలోనే వెళ్లండి. ఆఫీసు వేళలు కోర్సు మొదటి రోజు ఇచ్చే సిలబస్ కాగితంలో ఉంటాయి.